ఎక్కడుందో వేలుపెట్టి చూపించు

'నాన్నా పులి' కథ తెలియని తెలుగువాళ్లు ఉండరు. గొర్రెలు కాసే కుర్రాడు సరదాకి రెండుసార్లు కేకవేస్తాడు. నాన్న పరుగెత్తుకొస్తాడు, పులి ఉండదు. మూడోసారి పులి నిజంగానే వస్తుంది, నాన్న రాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరో తరగతి యూనిట్ పరీక్షకి ఈ కథే ఇచ్చి, కింద 'ఇందులోని నీతి ఏమిటి?' అని అడిగాను. నాలుగు మార్కులు. ముప్పైమందికి పైగా పిల్లలు 'అబద్ధం ఆడరాదు' అని రాశారు. ఒక అమ్మాయి మాత్రం, పులి తిరిగే చోట పిల్లాణ్ణి ఒక్కణ్ణే వదలడం నాన్న తప్పు, మూడోసారి కూడా నాన్న వెళ్లాలి అని రాసింది.

సున్నా వేశాను. ఎర్ర సిరాతో, కాస్త పెద్దగానే. పక్కన 'ప్రశ్న సరిగ్గా చదువు' అని కూడా రాసినట్టు గుర్తు.

ఆ అమ్మాయి కాగితం తీసుకుని, ఏమీ అనకుండా వెళ్లి కూర్చుంది. మొత్తం తరగతిలో కథ చదివింది తనొక్కతే అని నాకు తట్టడానికి ఏడెనిమిదేళ్లు పట్టింది. మిగతావాళ్లు కథ చదవకపోయినా రాయగలిగే జవాబే రాశారు. తప్పు వాళ్లదీ కాదు, నేనడిగిన ప్రశ్నే అలాంటిది. తట్టేసరికి ఆ అమ్మాయి పదో తరగతి దాటి ఎటో వెళ్లిపోయింది.

విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్లే దారిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మొదట్లో మమ్మల్ని పండిట్లు అనేవారు, తర్వాత స్కూల్ అసిస్టెంట్లమయ్యాం. పిల్లలకి మాత్రం ఎప్పుడూ తెలుగు మేడమే. నేను ఎక్కువగా పట్టుబట్టి తీసుకునేది ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. పదో తరగతికి ఫలితాల గొడవ ఉంటుంది కాబట్టి అందరి కళ్లూ అటే ఉంటాయి. ఈ మూడు తరగతుల వైపు ఎవరూ పెద్దగా తొంగిచూడరు. అదే నాకు కలిసొచ్చింది.

మేం చదువుకున్నప్పుడు పద్యమంటే ప్రతిపదార్థం, తాత్పర్యం. మాస్టారు చెప్పేవారు, రాసుకునేవాళ్లం, మర్నాడు ఒప్పజెప్పేవాళ్లం. ఆ పద్ధతిని నేను తిట్టను. అప్పుడు నోటికి పట్టిన పద్యాలే ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నాయి. కాకపోతే తాత్పర్యమంటే ఒకరు నమిలి మరొకరి నోట్లో పెట్టేది. పదేళ్లపాటు నేనూ అలా పెడుతూనే పోయాను. 2012లో ఆరు, ఏడు తరగతుల వాచకాలు మారాయి. పాఠం వెనక 'అవగాహన-ప్రతిస్పందన' అని శీర్షిక వచ్చింది, మీ అభిప్రాయం రాయండి అని ప్రశ్నలొచ్చాయి. సంతోషించాను. ఆర్నెల్లు తిరక్కుండానే అభిప్రాయాలు కూడా గైడులో అచ్చయి వచ్చాయి. ఒక ఏడాది నలభైమంది పిల్లలూ ఒకే అభిప్రాయం రాశారు. అందులో ఉన్న అచ్చుతప్పు కూడా నలభై కాగితాల్లోనూ ఉంది.

అభిప్రాయం సంగతి తర్వాత, ముందు చదవడం రావాలి కదా. ఆరో తరగతిలో చేరిన పిల్లల్ని జూన్‌లో ఒక్కొక్కరినీ పిలిచి చదివిస్తాను. ప్రతి ఏడూ కొందరు ఇలాగే చదువుతారు: 'ప కొమ్మిస్తే పు, ల గుడిస్తే లి, పులి'. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. వాళ్లకి పులి కనబడదు, కొమ్మూ గుడీ మాత్రమే కనబడతాయి. ఇది మా ఊరి గోడు ఒక్కటే కాదు. పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సుమారు 70 శాతం. ఆ మిగిలినవాళ్లలాంటి పిల్లలు నా తరగతిలోనూ, వెనక బెంచీల్లో, పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చుంటారు. వాళ్లు అల్లరి చెయ్యరు, అందుకే దొరకరు.

నాకు శిక్షణలో చెప్పిన మాట ఒకటుంది: పిల్లలు వేలు పెట్టి చదువుతుంటే వేలు తీయించాలి, అప్పుడే వేగం వస్తుంది. చాలామంది వేళ్లు తీయించాను, స్కేలుతో కొట్టి కూడా. ఇప్పుడు నేనే పెట్టమంటున్నాను. నేను గట్టిగా చదువుతుంటే వాళ్లు వేలు నడిపిస్తూ రావాలి. అయితే అక్షరం అక్షరానికీ కాదు, ఊపిరి ఆగే చోట వేలు ఆగాలి. తెలుగు అచ్చులో పదాలు ఒకదానికొకటి అతుక్కుని పొడుగ్గా ఉంటాయి. 'విద్యార్థులందరూ' అన్న మాటలో ఎక్కడ ఆగాలో పిల్లాడికి తెలియదు. పెన్సిలుతో నిలువు గీతలు గీయిస్తాను. మొదటి వారం పుస్తకం నిండా గీతలే. 'కొత్త పుస్తకం పాడు చేస్తున్నారు' అని ఒక తల్లి వచ్చి అడిగింది. చెరిపేస్తానమ్మా అని ఒప్పుకున్నాను. చెరపలేదు.

ఇంకో పొరపాటు కూడా చాలా ఏళ్లు చేశాను. పుస్తకంలో 'వెళ్ళిపోయాడు' అని ఉంటే మా కుర్రాడు 'ఎల్లిపోనాడు' అని చదువుతాడు. ఆపి, దిద్ది, మళ్లీ చదివించేదాన్ని. వాడు దిద్దుకునేవాడు, ఆ తర్వాత వాక్యం నుంచి మళ్లీ కొమ్ములూ గుడులూ మొదలు. ఒకరోజు ఎందుకో ఆపలేదు. పేజీ మొత్తం మా ఊరి మాటలోకి తిప్పి గడగడా చదివేశాడు. అప్పుడు తెలిసింది, వాడు తప్పు చదవడంలేదు. అర్థం చేసుకుని, తన నోటి మాటలో చెబుతున్నాడు. అక్షరాలు కూడబలుక్కునేవాడికి ఆ పని చేతకాదు. ఇప్పుడు చదివేటప్పుడు ఆపను. రాసేటప్పుడు పుస్తకం మాట అడుగుతాను. రెండూ వేరని పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది, వాళ్లు ఇంట్లో ఒకలాగ, బళ్లో ఒకలాగ మాట్లాడుతూనే ఉంటారు కదా.

చదవడం కాస్త దారిన పడ్డాక బేతాళుణ్ణి పిలుస్తాను. మా మేనమామ ఇంటి అటక మీద పాత చందమామలు ఒక ట్రంకు పెట్టెడు దొరికాయి. చందమామ 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన పత్రిక. ఇప్పుడు రాదు. అందులో బేతాళ కథ సాక్షాత్తూ తెలుగు మేడం కోసం చేసిపెట్టినట్టే ఉంటుంది. కథ చెప్పి, చివర చిక్కుప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరిస్తాడు బేతాళుడు. విక్రమార్కుడు జవాబు చెప్పేస్తాడు, వెంటనే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. నాకు రాజుగారి జవాబుతో పని లేదు. జిరాక్సు తీయించి, చివరి పేరా మడిచి స్టేపుల్ కొట్టేస్తాను. పిల్లలు కిటికీ దగ్గరికెళ్లి కాగితాన్ని ఎండకి అడ్డం పెట్టి చదవడానికి ప్రయత్నిస్తారు. చూడనట్టుంటాను. ఒక పేరా చదవడానికి అంత కష్టపడే పిల్లల్ని నేను మందలించడమా!

ప్రశ్నకి ఎవరు జవాబు చెప్పినా నేను అనేది ఒకటే మాట. 'ఎక్కడుంది? వేలుపెట్టి చూపించు.'

మొదట్లో అది బెడిసికొట్టింది. తప్పు చెప్పినవాళ్లనే అలా అడిగేదాన్ని. దాంతో 'ఎక్కడుంది' అంటే 'తప్పు' అని పిల్లలు అర్థం చేసుకున్నారు. అడగ్గానే మాట మార్చేసేవారు. సరైన జవాబు చెప్పినవాళ్లనీ అడగాలని తెలుసుకోవడానికి ఒక టర్మ్ పోయింది. 'మంత్రి కొడుకు పిరికివాడు మేడం' అంటాడొకడు. ఎక్కడుంది? పేజీ అంతా వెతుకుతాడు. పిరికివాడు అన్న మాట ఎక్కడా ఉండదు. దీపం ఆరిపోగానే మంత్రి కొడుకు గోడకి ఆనుకుని నిలబడ్డాడని ఉంటుంది. వాడి వేలు అక్కడ ఆగుతుంది. అనుమానంగా నా మొహం చూస్తాడు, ఇది చాలా అని. చాలు. నేను చెప్పాల్సిన సాహిత్య విశ్లేషణలో సగం ఆ వేలి కింద ఉంది.

వేమన పద్యాలు ఏడో తరగతికి వచ్చేసరికి పిల్లలకి పాతబడిపోతాయి. నోటికి వస్తాయి కాబట్టి తెలుసనుకుంటారు. ఉప్పునీ కర్పూరాన్నీ పోల్చిన పద్యం చెప్పే రోజు రెండు కాగితాల మీద కాసిన్ని ఉప్పురాళ్లూ, కాసిన్ని కర్పూరం పలుకులూ పోసి తీసుకెళ్లాను. ముక్కు దగ్గర పెట్టుకోకుండా చూసి చెప్పమన్నాను. కష్టపడ్డారు. పద్యం అన్నది అంతవరకూ నిజమేనన్నమాట. తాత్పర్యం అడిగాను. ఉప్పులాంటివాళ్లు మామూలు మనుషులు, కర్పూరంలాంటివాళ్లు పుణ్యపురుషులు అని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. కిటికీ పక్కన కూర్చునే పిల్ల లేచింది.

'ఉప్పే గొప్పది కదా మేడం. కర్పూరం లేకపోయినా పూజ అవుతాది. ఉప్పు లేకపోతే అన్నం దిగదు.'

తరగతి నవ్వింది. నేనూ నవ్వి, అలవాటు కొద్దీ 'పద్యంలో కర్పూరం గొప్పదని ఎక్కడుందో వాళ్లనడుగు' అన్నాను. వెతికారు. నేనూ వెతికాను. లేదు! రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రుచి వేరు, మనుషుల్లోనూ మంచివాళ్లు అలా వేరుగా ఉంటారు అన్నంతవరకే పద్యం చెబుతుంది. ఉప్పు ఎవరో, కర్పూరం ఎవరో పంచిపెట్టింది తాత్పర్యం రాసినవాళ్లు. ఎన్నో ఏళ్లుగా నేనూ ఆ పంపకాన్నే చెబుతున్నాను. ఆ పూట ఉప్పు పక్షం, కర్పూరం పక్షం అని తరగతి రెండుగా చీలిపోయింది. లాంగ్ బెల్ కొట్టినా భోజనాలకి వెళ్లలేదు. వెళ్లాక వంటమ్మని సాక్ష్యానికి పిలిచారట, సాంబారులో ఉప్పు తక్కువైతే ఏమవుతుందని.

అలంకారాల గురించి ఎక్కువ చెప్పను. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు పేర్లు నేర్పి, వాచకంలో ఉన్న ఉదాహరణే రాయించి, బిట్టు మార్కు వేసి పంపేస్తున్నాం. నేనొక ఏడాది మీ అమ్మమ్మలూ నాయనమ్మలూ తిట్టే తిట్లు రాసుకు రమ్మన్నాను. పుస్తకాలు నిండిపోయాయి. 'గంగిరెద్దులాగ తలూపుతున్నావు' అన్నది తెచ్చారు. ఉత్త ఎద్దు అనొచ్చు కదా, గంగిరెద్దే ఎందుకు అని అడిగితే, సంక్రాంతికి వాకిట్లో చూసిన పిల్లలు కాబట్టి టక్కున చెప్పారు: అది ఏం అడిగినా తలూపుతుంది, దానికేమీ తెలిసి కాదు. సమానధర్మం అంటే అదేరా అన్నాను.

ఇక చాసో. చాగంటి సోమయాజులు (1915-1994) మా విజయనగరం ఆయనే. 'ఎందుకు పారేస్తాను నాన్నా' అనే ఆయన కథని ఏటా ఎనిమిదో తరగతికి చదివి వినిపిస్తాను. పాఠంలో ఉందా లేదా అని చూసుకోను. మొదటిరోజు కథ చెప్పను. కథ పేరు నల్లబల్ల మీద రాసి ఊరుకుంటాను. ఈ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఏం పారేసుకునే సంగతి, కోపంగా అన్నారా, బతిమాలుతూ అన్నారా? ఆ చివరి 'నాన్నా' లేకపోతే ఏం మారుతుంది? ఒక్కొక్కరిచేతా ఆ మాట అనిపిస్తాను. ఒకడు విసుక్కుంటూ అంటాడు, ఒకతి దాదాపు ఏడుస్తూ అంటుంది. అవే అక్షరాలు. కథ ఇంకా తెరవలేదు, పీరియడ్ అయిపోతుంది.

రెండోరోజు కథ. తండ్రి ఫీజు కట్టలేక చదువు మాన్పించిన కుర్రాడు. చుట్టలు తెమ్మని తండ్రి పంపితే బడి మీదుగా వెళ్లాలి. తోటి పిల్లలు కనబడతారని వాడి బాధ. మా తరగతిలో వలస పోయి వచ్చిన పిల్లలుంటారు, జీడితోటల్లోకి పనికెళ్లి వారానికి మూడురోజులే వచ్చేవాళ్లుంటారు. ఈ కథ చదివేటప్పుడు నేను పుస్తకంలోంచి తల ఎత్తను.

పోయినేడు చదవడం అయ్యాక మొదటి ప్రశ్న ముందు బెంచీ నుంచి వచ్చింది. 'చుట్టలకి డబ్బులున్నాయి కదా మేడం, ఫీజుకి లేవా?' నేను ఆ ప్రశ్నకి సిద్ధంగా లేను. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. తరగతి ఆ తండ్రి మీద పడింది. చెడ్డవాడన్నారు. 'నాన్నా పులి'లో నాన్నదే తప్పని రాసిన అమ్మాయి గుర్తొచ్చింది నాకు. మనం కథల్లో పిల్లల్నే దోషులుగా నిలబెడతాం, పిల్లలు చదివితే నాన్నల్ని కూడా నిలబెడతారు.

అప్పుడు వెనక బెంచీ నుంచి, ఏడాదంతా నోరు విప్పని కుర్రాడు, కూర్చునే అన్నాడు: 'చుట్ట మానీసినా ఫీజు రాదు. మా నాన్న బీడీలు మానీసినాడు. ఆ డబ్బులు కూరకి ఎల్లిపోతన్నాయి.'

'ఎక్కడుంది?' అన్నాను. నోటి అలవాటు.

'ఇందులో నేదు మేడం. మా ఇంటికాడ ఉంది.'

ఎవరూ నవ్వలేదు. నా ప్రశ్నకి అంతకుముందు ఆ జవాబు రాలేదు. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. వేలు పెట్టడానికి పుస్తకం ఒక్కటే చోటు అనుకుంటూ వచ్చాను. పుస్తకం చెప్పింది ఒకటి, చెప్పకనే చెప్పింది ఒకటి, ఈ రెండూ నాకు తెలుసు. చదివేవాడు తన ఇంటి నుంచి తెచ్చి పక్కన పెట్టేది మూడోది. అది లేకపోతే ఆ తండ్రి చెడ్డవాడిగానే మిగిలిపోయేవాడు. అలాగని ఇంటి సంగతులన్నీ కథకి తగిలిస్తే కథ మిగలదు. మర్నాడు ఆ కుర్రాణ్ణి పిలిచి, మీ ఇంటికాడ ఉన్నది కథలో ఎక్కడైనా కాస్త కనబడుతుందేమో చూడమని పుస్తకం ఇచ్చి పంపాను. రెండు రోజులకి తెచ్చాడు. తండ్రి మాట్లాడే చోట రెండు పెన్సిలు గీతలున్నాయి. రెండూ సరైన చోట్లే.

అదే కథకి ఒక అమ్మాయి, ఆ కుర్రాడు పారెయ్యనన్నది డబ్బుల్ని కాదు, చదువుని అంది. నాకు ఒళ్లు పులకరించింది. స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను. ఆ మాట వాళ్లక్క కాలేజీ నోట్సులో ఉందని వారం తర్వాత తెలిసింది. మంచి మాటే, కాదనను. కానీ పాత తాత్పర్యమే కొత్త చొక్కా తొడుక్కుని వచ్చినా గుర్తుపట్టలేకపోయానని కొంచెం సిగ్గేసింది.

ఇవన్నీ చదివి మా బడిలో అద్భుతాలు జరిగిపోతున్నాయనుకోకండి. వారానికున్న పీరియడ్లలో ఒకటో రెండో ఇలా గడుస్తాయి. మిగతావి పాఠాలు పూర్తి చెయ్యడానికి, పరీక్షలకి, మార్కులు యాప్‌లో ఎక్కించడానికి పోతాయి. ఒత్తులు రాకుండానే ఎనిమిది దాటిపోయినవాళ్లు ఏటా ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్ల పేర్లు నాకు గుర్తే. సైన్సు, సోషల్ పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో వస్తున్నాయి. రెండు పేజీలూ ఒకేలా అర్థంకాని పిల్లాడికి ఏ పేజీ ముందు చూపించాలో మాలో మాకే తేలదు. పక్క గది లెక్కల మాస్టారు మా గోల భరించలేక ఒకసారి వచ్చారు. 'యజ్ఞం కథ రాసిన కాళీపట్నం రామారావు గారు కూడా విశాఖపట్నంలో లెక్కల మాస్టారే కదండీ' అన్నాను. 'ఆయన పక్క గదిలో మీరు లేరు కాబట్టి రాయగలిగారు' అన్నారాయన.

మా బడి లైబ్రరీ ఒక ఇనప బీరువా. పుస్తకం పోతే బాధ్యత ఇన్‌చార్జి టీచరుదే కాబట్టి ఏళ్లతరబడి దానికి తాళమే. ఇన్‌చార్జి నేనయ్యాక తాళంచెవి ఏడో తరగతి పిల్లలకిచ్చేశాను. ఇప్పటికి పంతొమ్మిది పుస్తకాలు పోయాయి. హెచ్.ఎం. గారికి రాతపూర్వకంగా చెప్పాను. పోయినవాటిలో పదకొండు బొమ్మల పుస్తకాలు, ఒకటి చాసో కథలు. చాసో కథలు ఎవరి దగ్గరుందో నాకు తెలుసు, అడగదలుచుకోలేదు. ఇంకోటి కొన్నాను.

చందమామలు మాత్రం కొనడానికి దొరకవు. ట్రంకు పెట్టెలో తెచ్చినవి పిల్లల చేతుల్లో నలిగి పొడిపొడి అవుతున్నాయి. జిరాక్సులకి పనికొచ్చేవి ఇంకో పాతిక ఉంటాయేమో. మీ ఇంటి అటక మీద పాతవి ఉంటే తూకానికి వెయ్యకండి, మీ ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పేవాళ్లకి ఇవ్వండి. అట్టలు లేకపోయినా ఫర్వాలేదు. బేతాళ కథ చివరి పేరా చిరిగిపోయి ఉంటే మరీ మంచిది.